నూట పదిహేడో నంబరు టికెట్టు

ప్రదర్శన పత్రాల వారసత్వ పరిరక్షణ కార్యాలయం అని ఒకటి మా నగరంలో ఉందని చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమందీ అసలిది ఎందుకు పుట్టిందని అడుగుతుంటారు. నా వల్ల పుట్టింది. ఒకప్పుడు ఈ మాట ఛాతీ విరిచి చెప్పేవాణ్ణి. ఇప్పుడు స్టేషన్లో వాంగ్మూలం ఇస్తున్నట్టు చెబుతున్నాను.

నా పేరు మాడిశెట్టి రాజలింగం. నీటి సరఫరా శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది సికింద్రాబాదు లాలాగూడలో. ముప్ఫయ్యేళ్ళుగా పాత రాక్ కచేరీల కాగితాలు పోగుచేస్తున్నాను. టికెట్లు, గోడపత్రికలు, కరపత్రాలు, పాటల వరస రాసుకున్న సిగరెట్టు పెట్టె అట్టలు, ఏది దొరికితే అది. మా ప్రాంతంలో ఒకప్పుడు రైల్వే కాలనీల్లో, క్లబ్బుల్లో గిటార్లు పట్టుకున్న కుర్రాళ్ళ బ్యాండ్లు చాలా ఉండేవి. వాళ్ళు పోయారు, వాళ్ళ కాగితాలు చిత్తుకాగితాల దుకాణాలకు చేరాయి. అక్కణ్ణించి మా ఇంటికి చేరాయి. వాటికోసం మా ఆవిడ భారతమ్మ చీరలు బీరువాలోంచి సూట్‌కేసులోకి మారాయి.

ఇంత చెప్పాక ఇంకొకటి కూడా చెప్పాలి. నాకు ఆ సంగీతం పడదు. డ్రమ్ము మోగితే ఎడమ కణత దగ్గర నొప్పి మొదలవుతుంది. లీడ్ గిటారుకూ బేస్ గిటారుకూ తేడా ఉందని నలభయ్యో ఏట తెలిసింది, అదీ ఒక పోస్టరు కింద పేర్లు చదివి. నాకు ఇష్టమైంది కాగితం. దాని రంగు, అచ్చులో జారిపోయిన అక్షరం, గేటు దగ్గర ఎవరో చించిన మూల. పాటలు లేకుండా కచేరీలు జరిగుంటే నా అభిరుచికి లోటేమీ ఉండేది కాదు.

నా దగ్గరున్న నాలుగువందల పన్నెండు కాగితాల్లో తలమానికం ఒక గులాబీరంగు టికెట్టు. 1974లో 'ది పాయింట్స్‌మెన్' అనే బ్యాండు లోకో క్లబ్బు హాల్లో ఇచ్చిన కచేరీది. బ్యాండులో నలుగురూ రైల్వే కాలనీ వాళ్ళే, అందుకే పట్టాలు మార్చే ఉద్యోగుల పేరు పెట్టుకున్నారు. టికెట్టు నంబరు నూట పదిహేడు. కుడి మూల చించి ఉంటుంది. వెనకవైపు పెన్సిలుతో 'సి 2, జి 1, డి 4' అని రాసుంది. అవి గిటారు స్వరాలని, కచేరీ జరుగుతుండగానే ఎవరో శ్రోత పాట నిర్మాణాన్ని రాసుకున్నాడని నేను ఎనిమిది పేజీల వ్యాసం రాశాను. మా పాత కాగితాల మిత్రమండలి సావనీరులో అది అచ్చయింది. ఎవరూ ఖండించలేదు. ఎవరూ చదవలేదని తర్వాత తెలిసింది.

ఆ కచేరీకి నేను వెళ్ళలేదు. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. మర్నాడు పొద్దున పాలకోసం వెళ్తుంటే క్లబ్బు మెట్ల దగ్గర గులాబీరంగు ముక్క కనిపించింది. కాగితం దళసరిగా, బాగుంది. ఆల్జీబ్రా పుస్తకంలో పేజీ గుర్తుకు పెట్టుకున్నాను. ఇరవయ్యేళ్ళ తర్వాత ఒక ప్రదర్శనలో దాన్ని చూసి ఒక పెద్దమనిషి, మీరు ఆ కచేరీలో ఉన్నారా అని అడిగారు. ఏం చెప్పాలో నేను ఆలోచించుకునే లోపే నా తల ఊగింది. ఒకసారి ఊగిన తలను వెనక్కి తీసుకోవడం కష్టం.

మొదట్లో నేను ఆ హాల్లో చివరి వరసలో కూర్చున్నాను. నాలుగైదేళ్ళలో మధ్య వరసకు వచ్చాను. రిటైరయ్యేనాటికి మొదటి వరసలో, గిటారు తీగలు కనిపించేంత దగ్గర్లో ఉన్నాను. మూడో పాట మధ్యలో కరెంటు పోయి కచేరీ ఆగిపోయిందన్నది నిజమే, కాలనీలో అందరికీ తెలిసిన సంగతే. ఆ చీకట్లో మూడు వందల మంది ఒక్క మాటైనా లేకుండా లేచి బయటికి నడిచిన తీరు మాత్రం పూర్తిగా నా సొంతం.

ఇక కార్యాలయం సంగతి. కచేరీ కాగితాలను వారసత్వ సంపదగా గుర్తించాలని నేను ప్రభుత్వానికి పదకొండు విజ్ఞాపనలు పెట్టుకున్నాను. పదింటికి జవాబు లేదు. పదకొండోది వెళ్ళిన సమయానికి ఎవరో పెద్దాయన విదేశాల్లో ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో పాత కచేరీ టికెట్టు చూసి, దాని ముందు ఫోటో దిగి వచ్చారట. మన దగ్గర ఇలాంటిది లేదా అని అడిగారట. నా విజ్ఞాపన బల్లమీద పైనే ఉంది. మూడు నెలల్లో తొమ్మిదిమంది సిబ్బందితో, ఒక డిప్యూటీ డైరెక్టరుతో కార్యాలయం వెలిసింది. ప్రారంభోత్సవానికి నన్ను పిలిచి శాలువా కప్పారు.

డిప్యూటీ డైరెక్టరు పేరు పరాంకుశం గారు. సన్నగా ఉంటారు. జేబులో మూడు రంగుల పెన్నులు. ఎదురుగా మనిషి ఉన్నా ఫైలు వంక చూసే మాట్లాడతారు. నిజాయితీపరుడు. అదే అసలు చిక్కు.

ముప్ఫయ్యేళ్ళు దాటిన ప్రతి కచేరీ కాగితాన్నీ నమోదు చేయించాలని, నమోదు కానిది ఎవరి దగ్గరా ఉండరాదని ఉత్తర్వు వచ్చింది. మా మిత్రమండలిలో మొదట బలైనవాడు హబీబుద్దీన్ సాబ్. ఆయన పోస్టర్లన్నీ గోడలమీంచి ఒలిచి తెచ్చినవి. వెనకాల సున్నం పెళ్ళలు అంటుకునే ఉన్నాయి. సున్నం గోడకు చెందుతుంది కనుక పోస్టరు గోడలో భాగమని, గోడ లేకుండా పోస్టరు అసంపూర్ణమని పరాంకుశం గారు తేల్చారు. గోడ తెమ్మన్నారు. ఆ గోడలు కూల్చేసి పాతికేళ్ళయిందని హబీబుద్దీన్ సాబ్ చెప్పుకుంటే, ప్రతి గోడకూ కూల్చినట్టు ధ్రువపత్రం తెమ్మన్నారు. పోస్టర్లు వదులుకుని ఆయన ఇప్పుడు పావురాలు పెంచుకుంటున్నారు.

నేను లోలోపల నవ్వుకున్నాను. నా టికెట్టుకు గోడలతో సంబంధం లేదు కదా.

నా విచారణ రోజున పరాంకుశం గారు నూట పదిహేడో నంబరు టికెట్టును పట్టకారుతో పట్టుకుని, భూతద్దంలో రెండువైపులా చూసి, నా వ్యాసం తెరిచారు. ఆ వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా చదివిన ఏకైక వ్యక్తి ఆయనే.

"సదరు కచేరీ మూడవ పాట మధ్యలో అర్ధాంతరంగా నిలిచిపోయినట్లు తమరే సెలవిచ్చారు" అన్నారు.

ఔనన్నాను.

"టికెట్టు అనగా నిర్వాహకులు ప్రేక్షకునికిచ్చిన హామీ పత్రం. హామీ నెరవేరలేదు. కనుక ఇది గతించిన పత్రంగా పరిగణింపదగదు. ఇప్పటికీ అమలులో ఉన్న పత్రం. అమలులో ఉన్న పత్రాన్ని వారసత్వం కింద నమోదు చేయుటకు వీలు లేదండి."

"యాభై ఏండ్లయింది సార్."

"గడువు తేదీ ముద్రించలేదండి" అన్నారాయన, నిజంగా బాధపడుతూ.

రెండు దారులున్నాయని చెప్పారు. టికెట్టుమీద 'రద్దు' అని ముద్ర వేయించుకుని నమోదు చేయించుకోవచ్చు. లేదా ఆగిపోయిన కచేరీని పూర్తి చేయించవలసిందిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. రబ్బరు ముద్ర బల్లమీదే ఉంది. అది నా టికెట్టు కంటే పెద్దది.

దరఖాస్తు పెట్టుకున్నాను. ప్రభుత్వ కార్యాలయాలతో నాకు ముప్ఫై నాలుగేళ్ళ అనుభవం. ఆ దరఖాస్తు ఏ బీరువాలోనో పడుకుంటుంది, ముద్ర పడదు, నా టికెట్టు నా దగ్గరే ఉంటుందని లెక్క వేసుకున్నాను. అక్కడ తొమ్మిదిమంది ఉన్నారని, హబీబుద్దీన్ సాబ్ పావురాల వైపు వెళ్ళిపోయాక వాళ్ళకు మిగిలిన ఫైలు నాదొక్కటేనని తట్టలేదు. పదకొండో రోజున ఉత్తర్వు ఇంటికొచ్చింది. కచేరీని ఆగిన చోటినుంచి పూర్తి చేయాలి. కార్యాలయమే ఏర్పాట్లు చూస్తుంది. ప్రత్యక్ష సాక్షిగా నేను సహకరించాలి.

భారతమ్మ ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివి, ముద్ర వేయించుకుని వస్తే సరిపోయేది గదా అంది.

నలుగురు పాయింట్స్‌మెన్‌లో మిగిలింది ఒక్కరే. బేస్ గిటారు వాయించిన డెన్జిల్ రొజారియో. డెబ్భయ్యేడేళ్ళు. రెండు వీధుల అవతల కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఆయన్ని చూస్తూనే ఉన్నాను గానీ ఎప్పుడూ పలకరించలేదు. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. పరాంకుశం గారు వెంటబెట్టుకుని వెళ్ళబట్టి వెళ్ళాను.

డెన్జిల్ అంతా విని, మిషను మీద నూనె తుడిచాడు. తర్వాత మంచం కిందనుంచి గిటారు పెట్టె లాగాడు. తీగలు కొత్తవి. ప్రతి ఏడూ మారుస్తాడట, ఎందుకో ఆయనకే తెలియదట.

"నాలుగో పాట మా సింగరు లెస్లీ రాసిండు" అన్నాడు. "ఆ రోజు కోసమే రాసిండు. మళ్ళ ఎప్పుడు పాడలే. ఇంట్ల గూడ పాడనియ్యలే. ఫస్టు టైము జనం ముందే పాడాలె అనేటోడు. తర్వాత జనం ఏడ దొరికిన్రు? వాడు పొయ్యి పందొమ్మిదేండ్లు."

నాలుగో పాట ఎవరూ వినలేదన్నమాట. నా వ్యాసంలో దాని పేరు కూడా ఉంది. నేనే పెట్టాను.

డెన్జిల్ నా వైపు తిరిగాడు. "నువ్వు ఉన్నవంట గదా ఆ రోజు. మూడో పాట ఎట్లుండె?"

"చాల మంచిగుండె" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. అంత వెలుగు నేను ఆశించలేదు. యాభై ఏళ్ళలో ఆ మాట తనకు చెప్పిన మొదటి మనిషిని నేనేనట. కరెంటు పోయినందుకు మర్నాటినుంచి కాలనీ అంతా ఎగతాళి చేసిందేగానీ, పాట ఎలా ఉందో ఒక్కరూ చెప్పలేదట. మిషన్ షాపు మూసి, పక్క హోటల్నుంచి మాకు చాయ్ తెప్పించాడు. నేను కప్పులోకే చూస్తూ తాగాను.

ఏర్పాట్లు మొదలయ్యాయి. చనిపోయిన ముగ్గురి బదులు వేరేవాళ్ళను పెట్టుకుందామా అని నేనడిగితే, దానివల్ల వారసత్వం కల్తీ అవుతుందని పరాంకుశం గారు ఒప్పుకోలేదు. వేదికమీద ముగ్గురికీ కుర్చీలు వేసి, పేర్లు రాసిన పలకలు పెట్టి, 'అనివార్య కారణాల వల్ల గైరుహాజరు' అని రిజిస్టరులో చూపాలన్నారు. లోకో క్లబ్బు హాలు ఇప్పుడొక టెంట్ హౌస్ గోదాము. షామియానాలు ఖాళీ చేయించారు. పాత ప్రవేశద్వారాన్ని ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. ప్రేక్షకులు 1974లో అటే వెళ్ళారు కాబట్టి ఆ గోడ పగలగొట్టించి తలుపు పెట్టించారు. కార్యాలయ వేళలు దాటి పనిచేసే వీలు లేదు కాబట్టి కచేరీ పొద్దున పదకొండింటికి. ఆనాటిది సాయంత్రం ఆరింటి కచేరీ కాబట్టి, ఆ రోజు ఆ హాలు వరకు పదకొండు గంటలను సాయంత్రం ఆరుగా పరిగణించాలని ఇంకో ఉత్తర్వు వేశారు.

మొదటి రెండు పాటలూ ఇదివరకే అందిన సేవ కింద లెక్క. వాటిని మళ్ళీ వాయిస్తే ఒకే టికెట్టుకు రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. అందుచేత మూడో పాటలో సరిగ్గా ఆగిన చోటునుంచే అందుకోవాలి. ఎక్కడ ఆగిందని పరాంకుశం గారు నన్ను లిఖితపూర్వకంగా అడిగారు. రెండో చరణం మూడో పాదం అని రాసి సంతకం పెట్టాను. ఆ పాటకు చరణాలున్నాయో లేదో కూడా నాకు తెలియదు.

హాల్లోకి ఎవరెవరు వెళ్ళవచ్చన్నది ఆఖరి ప్రశ్న. 1974 టికెట్టున్న వాళ్ళే. పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఒకే ఒక్కాయన వచ్చాడు, రిటైర్డ్ గార్డు. ఆ రోజు టికెట్టు కొనుక్కున్నా గూడ్సుబండి డ్యూటీ పడి కచేరీకి వెళ్ళలేకపోయాడట. చించని టికెట్టును యాభై ఏళ్ళుగా పెళ్ళి ఫోటో వెనకాల దాచుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. హాలు బయట మిత్రమండలి వాళ్ళు నలుగురు, హబీబుద్దీన్ సాబ్, భారతమ్మ, కాలనీ జనం కొంతమంది, ఒక విలేకరి. లోపల మూడువందల ఖాళీ కుర్చీలు. గేటు దగ్గర బల్ల వేసుకుని పరాంకుశం గారు. ఆయన పక్కన గిటారు పట్టుకుని డెన్జిల్, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, మీసానికి రంగేసుకుని.

గార్డుగారి టికెట్టు మూల చించారు. ఆయన చించిన ముక్కకేసి, చేతిలో మిగిలిన ముక్కకేసి చూసుకుని, ఎవరికో నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళాడు. తర్వాత వంతు నాది.

పరాంకుశం గారు నా టికెట్టు చూసి పెన్ను కింద పెట్టారు.

"ఇది ఇదివరకే చించబడి ఉన్నదండి."

"1974ల చింపిన్రు సార్."

"అనగా తమరు అప్పుడే ప్రవేశించారు. బయటికి వెళ్ళిన దాఖలా లేదు. కచేరీ ఇంకా ముగియలేదు. కనుక నిబంధనల రీత్యా తమరు ఇప్పటికీ లోపలే ఉన్నారు." ఆయన తలుపు వంక, నా వంక చూశారు. "లోపల ఉన్నవారిని మళ్ళీ ప్రవేశపెట్టుటకు వీలు లేదు."

జనంలో ఎవరో దగ్గారు. పరాంకుశం గారు కాసేపు నిబంధనల పుస్తకం తిరగేసి, ఒక మార్గం కనిపెట్టారు. ఆనాడు లోపలే ఉన్నానని, నేటివరకు ప్రేక్షక హోదాలోనే కొనసాగుతున్నానని నేను రిజిస్టరులో ప్రకటన రాసి సంతకం చేస్తే చాలు. లోపలికి వెళ్ళడం 'సీటు మార్చుకోవడం' కిందికి వస్తుంది. కచేరీ అవగానే టికెట్టు నమోదవుతుంది, ధ్రువపత్రం చేతికిస్తారు.

పెన్ను తీసుకున్నాను. ముప్ఫయ్యేళ్ళుగా నోటితో చెప్పినదాన్ని ఒకసారి చేత్తో రాయాలి, అంతే.

అప్పుడే వెనకనుంచి ఒకావిడ ముందుకొచ్చింది. డెబ్భై అయిదేళ్ళ పైనే ఉంటాయి. తెల్ల చీర, కళ్ళద్దాలకు తాడు. పేరు గ్రేస్ సుగుణ అని, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యానని, సొంతూరు తెనాలి అని, ప్రకటన చూసి వచ్చానని చెప్పింది. తనను కూడా లోపలికి పంపమంది.

టికెట్టు ఏదని పరాంకుశం గారు అడిగారు.

"చీకట్లో పడేసుకున్నానండీ. చేతిలో ఉండాల్సిందే, మెట్ల దగ్గర జారిపోయింది. పొద్దున డ్యూటీకి వెళ్తే మా సిస్టరమ్మ ఒకటే కేకలు, వార్డు సామాను చీటీ ఏదని. దాని వెనకే రాశానండీ. కాటన్ రెండు, గాజ్ గుడ్డ ఒకటి, డ్రెస్సింగులు నాలుగు. సి, జి, డి అని పొడి అక్షరాలు రాసుకోవడం మాకు అలవాటు."

టికెట్టు లేకుండా ప్రవేశం కుదరదని పరాంకుశం గారు విచారంగా చెప్పారు. ఫరవాలేదులెండి అని ఆవిడ పక్కకు జరిగి, గోడకు ఆనుకుని నిలబడింది. వెళ్ళిపోలేదు.

నా చేతిలో పెన్ను ఉంది. టికెట్టు బల్లమీద అచ్చువైపు పైకి ఉంది. అప్పుడు దాన్ని ఎవరూ తిప్పి చూడలేదు. నా వ్యాసం చదివిన ఒక్కాయన రిజిస్టరులో తేదీ వేస్తున్నారు. ఎనిమిది పేజీలు రాశాను నేను. సి అనే స్వరం రెండుసార్లు రావడంలో ఉన్న విషాదం గురించే ఒకటిన్నర పేజీ ఉంది. అది రెండు చుట్టల దూది.

సంతకం పెట్టేసి ఉండేవాణ్ణి. నిజం చెబుతున్నాను, నిబ్బు కాగితానికి ఆనింది కూడా. అంతలో డెన్జిల్ ఆవిడ దగ్గరికి వెళ్ళి, టికెట్టు పోయినా మీరు ఆ రోజు ఉన్నారు గదా అని, చేతులు జోడించి, మీకు నేను ఇక్కడే బయట వాయించి వినిపిస్తానని చెప్పడం వినపడింది. తర్వాత నన్ను చూపించి, సారు కూడా ఉన్నాడమ్మా, మూడో పాట మంచిగుండెనని చెప్పిండు అన్నాడు.

పెన్ను పక్కన పెట్టాను.

"సార్, ఈ టికెట్టు ఆ అమ్మది" అన్నాను. "నేను ఆ రోజు లేను. పొద్దుగాల మెట్ల మీద దొరికింది. వెనక తిప్పి చూడుండ్రి."

పరాంకుశం గారు తిప్పి చూశారు. విలేకరి రాసుకున్నాడు. మిత్రమండలి వాళ్ళు నన్ను చూడకుండా ఒకరినొకరు చూసుకున్నారు. హబీబుద్దీన్ సాబ్ ఒక్కడే నా వైపు తేరిపార చూసి, ఎందుకో జేబులోంచి శనగలు తీసి నాకు పెట్టబోయాడు. భారతమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"పోనే లేదా మీరు?"

"లేదు."

"ఆ కథ వినొచ్చినోళ్ళకందరికి ఎన్ని చాయ్‌లు పెట్టిన నేను" అంది. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు.

నేను డెన్జిల్ ముఖం చూడలేకపోయాను. ఆయనే అన్నాడు, కోపం లేకుండా, ఏదో సరిచూసుకుంటున్నట్టు.

"మూడో పాట మంచిగుండె అన్నవు గదా."

సుగుణమ్మ గారు కల్పించుకుంది.

"మూడోదేనా? నాకు గుర్తుందండీ. పాడే ఆయన గొంతు బొంగురుపోయింది పాపం. మీరు గోడవైపు తిరిగి వాయించారు. కరెంటు పోయాక అందరూ ఆపేశారు గానీ ఆ డ్రమ్ములాయన ఆపలేదు. చాలాసేపు కొట్టాడు. మేం బయటికొచ్చేదాకా వినపడుతూనే ఉంది. అది మటుకు ఎంత బాగుందో."

డెన్జిల్ నవ్వడం మొదలుపెట్టాడు. గిటారు గోడకు ఆనించి మరీ నవ్వాడు. "ఔ, నార్మన్. వాడు కండ్లు మూసుకొని కొట్టేటోడు. కరెంటు పొయ్యింది వానికి తెల్వనే లేదు. మేము పొయ్యి చేతులు పట్టుకున్నం." నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. గోడవైపు తిరిగింది మాత్రం భయానికి అన్నాడు.

ముప్ఫయ్యేళ్ళు నేను మౌనంగా బయటికి నడిపించిన మూడువందల మందీ, తీరా చూస్తే, డ్రమ్ము మోతలో తోసుకుంటూ వెళ్ళారన్నమాట.

పరాంకుశం గారు ఇదంతా పట్టించుకోలేదు. కొత్త పరిస్థితికి తగ్గట్టు ఫైలు సవరిస్తున్నారు. రాయడం అయ్యాక లేచి సుగుణమ్మ గారితో, టికెట్టు ఆమెదేనని రుజువైనందున, అది చించబడి ఉన్నందున, ఆమె 1974 నుంచి లోపలే ఉన్నట్టు పరిగణించడమైనదని తెలియజేశారు.

"అయితే ఇన్నేళ్ళూ నా డ్యూటీలు ఎవరు చేశారండీ?" అని అడిగిందావిడ. జవాబు కోసం చూడకుండా డెన్జిల్ వెంట లోపలికి వెళ్ళింది. వెళ్తూ బల్లమీంచి తన టికెట్టు తీసుకుంది. ప్లాస్టిక్ తొడుగు తీసేసి, దాన్ని చేతిసంచీలో మందుల చీటీల మధ్య పెట్టుకుంది. మామూలుగా అయితే ఆ తొడుగు ఎందుకు తీశారమ్మా అని అరిచేవాణ్ణి.

నా విషయంలో నిర్ణయం చిన్నది. నేను అప్పుడు లోపల లేను, ఇప్పుడు టికెట్టు లేదు. బయటే ఉండాలి. తలుపు మూశారు. తలుపు మూశాక తేలిందేమిటంటే పరాంకుశం గారి దగ్గర కూడా 1974 టికెట్టు లేదు. నిబంధన రాసింది ఆయనే. ఆయన ఒకసారి తలుపు వైపు అడుగు వేసి, ఆగి, వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డారు. జనం మెల్లగా చెట్టు నీడకు వెళ్ళిపోయారు.

లోపల మూడో పాట ఎక్కడినుంచో అందుకుని ముగిసింది. నేను ధ్రువీకరించిన చరణం నుంచి కాదని మాత్రం చెప్పగలను. ఆ పైన నాలుగోది మొదలైంది.

లీడ్ గిటారు లేదు, డ్రమ్ము లేదు, గొంతు లేదు. ఒక్క బేస్ తీగల మోత మాత్రమే. అది చెవికంటే ముందు తలుపు చెక్కలోంచి అరచేతికి తెలుస్తోంది. అరచేయి తలుపుమీద ఎప్పుడు పెట్టానో నాకు గుర్తులేదు. నాలుగు మెట్లు దిగి, ఒకటి ఎక్కి, మళ్ళీ దిగి, ఎవరికోసమో ఆగి చూసే మనిషి నడకలా ఉంది. మధ్య మధ్య ఆగుతోంది, లెస్లీ పాడవలసిన చోట అనుకుంటాను. ఆ ఖాళీల్లో ఏ మాటలుండేవో డెన్జిల్‌కు ఒక్కడికే తెలుసు. కణత నొప్పి వస్తుందేమోనని చూశాను. రాలేదు.

పరాంకుశం గారు కూడా తలుపుకు చెవి ఆనించారు. ఫైలు తెరిచి, పెన్ను తీసి, మెల్లగా అడిగారు.

"ఈ పాట పేరేమిటండి?"

"తెల్వదు సార్" అన్నాను.

"తమరి వ్యాసంలో ఏదో ఉన్నదే."

"అది నేను పెట్టింది. దీని పేరు నాకు తెల్వదు."

ఆయన ఏమీ రాయలేదు. పెన్ను మూత పెట్టేశారు. ఇద్దరం అలాగే నిలబడి చివరిదాకా విన్నాం. పాట అయిపోయింది. లోపలినుంచి రెండు జతల చేతుల చప్పట్లు వినిపించాయి, అంత పెద్ద హాల్లో పలచగా.

"బయటోళ్ళు కొట్టొచ్చునా సార్?" అని అడిగాను.

పరాంకుశం గారు చాలాసేపు ఆలోచించారు. నిబంధనలన్నీ మనసులో మొదటినుంచి చివరిదాకా తిప్పుకుంటున్నట్టుంది.

"దాని ప్రస్తావన ఎక్కడా లేదండి" అన్నారు. ఫైలు చంకలో పెట్టుకుని, నాకంటే ముందు ఆయనే మొదలుపెట్టారు.